వెట్టిమాన్యం ఎవరు అమ్మారు?

నేను సోషల్ టీచర్ని. విజయనగరాన్ని ఏలిన నాలుగు వంశాలేవో, ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారో పుస్తకం చూడకుండా చెబుతాను. మా తాతకు నాయన పేరేమిటని అడిగితే మాత్రం ముప్పయ్యేళ్ళు దాటిందాకా నా దగ్గర జవాబు లేదు. మా గూడెంలో ఎవరి దగ్గరా లేదు. ఊళ్ళో పెద్దకులాల ఇళ్ళల్లో ఏడు తరాల పేర్లు గడగడా చెబుతారు. వాళ్ళకు జ్ఞాపకశక్తి ఎక్కువై కాదు. వాళ్ళ తాతల పేర్లు పట్టాల మీద, దస్తావేజుల మీద, గుడి గోడల మీద, సత్రం బండల మీద రాసి ఉన్నాయి. ఆస్తి ఉన్నచోట పేరు నిలుస్తుంది. మా వాళ్ళ పేర్లు మా వాళ్ళతోపాటే మట్టిలో కలిశాయి.

మా ఊరు పాత ఒంగోలు తాలూకాలోది. మేం మాదిగలం. మా అమ్మది వేలిముద్ర. నాయన అయిదో తరగతి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే.

ఈ వెతుకులాట చరిత్ర మీద ప్రేమతో మొదలు కాలేదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. మా ఊరి వంతు వచ్చినప్పుడు గూడెం పెద్దలు ఒక మాట ఎత్తారు. "చెరువు కింద మన వెట్టిమాన్యం ఉండాల. అదిప్పుడు ఎవరి పేరన ఉండాది?" అని. వెట్టిమాన్యమంటే ఊరికి వెట్టి చేసేవాళ్ళకు జీతానికి బదులు అనుభవించమని వదిలిన చేను. సర్కారు కబురు మొయ్యాలి. శిస్తు సొమ్ము వెంట తాలూకా దాకా నడవాలి. అధికారి వస్తే మూటాముల్లె నెత్తిన పెట్టుకోవాలి. చావిట్లో రాత్రి కావలి పడుకోవాలి. ఆ చేనుకి ఇదంతా ఖరీదు. పెద్దల మాట విని అక్కడున్న ఆసామి ఒకాయన నవ్వాడు. "ఇంకెక్కడి మాన్యంరా! మీ ముత్తాతలు కల్లుముంతకు అమ్ముకోని తాగితిరి గదా" అన్నాడు. అందరూ తలొంచుకున్నారు. ఆ మాట ఎన్ని తరాలుగా చెప్పారో గాని, గూడెం కూడా దాన్ని నిజమనే నమ్మింది.

"అమ్మాయా, నువ్వు ఇంగిలీషు కాయితాలు చదవగలవు గదా, చూడమ్మా" అన్నాడు మా పెదనాయన. అదీ మొదలు.

మొట్టమొదట అర్థమైన సంగతి, మా ఊరు కదలకపోయినా జిల్లాలు కదిలాయని. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది. ఆ ఏడు గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడితే అందులోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మళ్ళీ జిల్లాలు కోశారు. కాబట్టి మా ఊరి పాత కాగితం కావాలంటే ఒక జిల్లా కచేరీ చాలదు. ఏ సంవత్సరం కాగితమో తెలిస్తేనే ఏ జిల్లా కింద వెతకాలో తెలుస్తుంది. ఇంకా వెనక్కి పోతే మద్రాసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా పాత మద్రాసు ప్రభుత్వ కాగితాలు చాలావరకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోనే ఉండిపోయాయి. మా తాతలు తెలుగు మాట్లాడారు, వాళ్ళ లెక్క ఇంగ్లీషులో ఉంది, ఆ లెక్క తమిళనాట ఉంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. బ్రెజిల్ దేశంలో లక్షలకు లక్షలు మేస్తున్న తెల్ల గొడ్లను నెలోర్ అంటారు. అవి మా ఒంగోలు గొడ్లే. అవి ఓడెక్కిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది గనక ఆ పేరొచ్చింది. ఆ దేశంలో ఒక్కో ఆబోతుకు తండ్రెవరో తల్లెవరో వంశావళి పుస్తకాలున్నాయి. ఆ గొడ్డు చస్తే మోసుకుపోయి, తోలు వొలిచి, లందలో తంగేడు చెక్కేసి నానబెట్టి, ఊరికంతా చెప్పులూ కపిల తోలూ కుట్టిచ్చిన మనిషికి మాత్రం వంశావళి లేదు. గొడ్డుకున్న పుస్తకం మనిషికి లేదు.

పుస్తకం లేదు గనక నేను ముందు మా జేజి దగ్గర కూర్చున్నాను. మా నాయనను కన్న తల్లి. ఆమె దగ్గర తేదీలుండవు. "ధాత కరువులో" అంటుంది, "పెద్ద గాలివాన ఏడు" అంటుంది. ఆమె అత్తకు అత్త, అంటే మా తాతకు నాయనమ్మ, ధాత కరువప్పుడు ఏడెనిమిదేళ్ళ పిల్లంట. ఆమె తల్లి సముద్రం పక్క కాలవ తవ్వకంలో మన్ను మోసిందంట. గంజి పోసే చోట తొక్కులాటలో పిల్లను చంకన ఎత్తుకోని నిలబడేదంట. ఇది కథ కాదు. ధాత నామ సంవత్సరమంటే 1876. ఆ కాలవ బకింగ్‌హాం కాలవ. మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు దానికి పెట్టారు. 1877, 78ల్లో కరువు పని కింద దాన్ని తవ్వించారు. గవర్నరు పేరు కాలవకు మిగిలింది, మన్ను మోసిన మనిషి పేరు అత్త నుంచి కోడలికి నోటిమాటగా వచ్చింది.

ఆ కరువు గురించి సర్కారు రాసుకున్న కాగితాలకు కొదవలేదు. కలకత్తా నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు కూలి తగ్గించాడు. రోజంతా మట్టి పని చేసిన మనిషికి ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మనుషులు బతకరని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ వాదించాడు. ఇద్దరి వాదనా అచ్చులో ఉంది. మనిషికి ఎంత తిండి పెడితే చావకుండా పనిచేస్తాడని ఇద్దరు దొరలు వాదించుకున్న ఆ పేజీల్లో, మా తాత నాయనమ్మ తల్లి ఉంది. పేరుతో కాదు, పౌనుల లెక్కలో.

జనాభా లెక్కలు చూద్దామనుకుంటారు చాలామంది. మద్రాసు రాష్ట్రంలో మొదటి క్రమమైన జనాభా లెక్క 1871లో జరిగింది. అందులో కులాల వారీ మొత్తాలుంటాయి. ఇంటింటికీ రాసిన చీటీలు దాచలేదు. మేమెంతమందిమో దొరుకుతుంది, మేమెవరమో దొరకదు.

పేరుతో మేం దొరికిన మొదటిచోటు చర్చి పుస్తకం. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. మా తాలూకా మాదిగలు గుంపులు గుంపులుగా ఆ మతంలోకి పోయారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "అన్నానికి మతం మారిన జాతి" అని మమ్మల్ని వెక్కిరించేవాళ్ళు ఆ తేదీని కాస్త నిదానంగా చూడాలి. క్లౌ కాలవలో మూడున్నర మైళ్ళ పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు సాయం జరిగినన్నాళ్ళూ అతను ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం కోసం వస్తారేమోననే ఆపాడు. కూలీ పోయాక, గంజీ పోయాక, అప్పుడొచ్చారు మా వాళ్ళు. ఆదివారం వెట్టికి రామని, చచ్చిన గొడ్డు తినమని చెప్పే ధైర్యం దొరుకుతుందని వచ్చారు. ఊరి పెత్తందార్లు బావుల దగ్గర, కల్లాల దగ్గర అడ్డం పడితే దెబ్బలు తిని కూడా నిలబడ్డారు. అన్నం కోసమైతే అంత అవమానం పడనక్కర్లేదు.

మా ఊరి సంఘంలో పాత రిజిస్టరు ఒకటుంది. అట్ట ఊడిపోయింది, అంచులు పురుగు తిన్నాయి. 1920ల నాటి ఒక పేజీలో మా తాత నాయన పేరు దొరికింది. పక్కన తండ్రి పేరు, దాని కింద తల్లి పేరు. కాలవ గట్టున చంకనెక్కిన ఆ పిల్ల పేరే అది. జేజి చెప్పిన పేరూ, పుస్తకంలో పేరూ ఒకటే. నేను చూసిన కాగితాలన్నిట్లో మా ఇంటి ఆడమనిషి పేరు ఆ కాలానికి ఇంకెక్కడా లేదు.

ఆ పేజీ ఫొటో తీసి గోడకు కట్టుకోవాలనిపించింది. కానీ మా పెదనాయన కొడుకు, "అక్కా, అది బయట పెట్టమాక" అన్నాడు. వాడి భయం నాకు తెలుసు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. మొదట హిందువులకే ఎస్సీ హోదా అన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం పుచ్చుకున్న మాదిగను మన రాష్ట్రంలో బి.సి. సి గ్రూపులో రాస్తారు. మా తాత ఏసునూ కొలవలేదు, పోలేరమ్మకూ దూరం కాలేదు, కులమడిగితే మాదిగ అనే చెప్పాడు. మాది ఎస్సీ సర్టిఫికెట్టు. తాత తమ్ముడి పిల్లలు సంఘంలోనే ఉన్నారు. వాళ్ళది బి.సి. సి. రక్తం ఒకటే, గూడెం ఒకటే, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు కూడా ఒకటే. సర్టిఫికెట్లు మాత్రం రెండు. మా ముసలమ్మను మనిషిగా, తల్లిగా, పేరు పెట్టి రాసిన ఒకే ఒక్క పుస్తకం చూపించాలంటే ఈ దేశంలో దళితుడు వణకాలి. కుటుంబ చరిత్ర వెతకడమంటే సరదా పనే అనుకునేవాళ్ళకు ఈ వణుకు తెలియదు.

ఇక భూమి కాగితాలు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా ఏ మాన్యం ఎవరిది, ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు అని విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాశారు. ఆ తర్వాత సెటిల్మెంటు రిజిస్టర్లొచ్చాయి. ఇంగ్లీషూ తెలుగూ రెండు భాషల్లో ఉంటుంది కాబట్టి డైగ్లాట్ అంటారు. సర్వే నెంబరు, ఎకరాలు, శిస్తు, పట్టాదారు పేరు గడులుగా ఉంటాయి. మన మండలాఫీసుల్లో ఇప్పటికీ ఏ తగాదా వచ్చినా తీసేది దాన్నే. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఊరి లెక్కలు మూటలు కట్టి తెచ్చి ఆఫీసుల్లో పడేశారు. ఆ మూటల్లో కొన్ని చెదల పాలయ్యాయి, కొన్ని ఎవరి ఇంటికో తిరిగి పోయాయి.

నేను పోయిన ఆఫీసులో మూడు నెలలు తిప్పారు. "టీచరమ్మా, మీకెందుకమ్మా ఇవన్నీ, పిల్లలకి పాఠాలు చెప్పుకోక" అన్నాడొకాయన. "ఆడపిల్ల వేరే ఇంటికి పోయేది, నీకు పుట్టింటి మాన్యమేంది?" అన్నాడు ఇంకొకాయన. సమాచార హక్కు చట్టం కింద అర్జీ రాసి రసీదు తీసుకున్నాక బీరువా తాళం దొరికింది.

డైగ్లాట్‌లో ఆ చేను ఉంది. చెరువు కింద రెండెకరాల చిల్లర. పైవరసలో అగ్రహారీకులకు తండ్రి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. మా వరసలో పట్టాదారు గడిలో మనిషి పేరు లేదు. "వెట్టి సర్వీసు" అని ఉంది. చూడగానే ఒళ్ళు మండింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఆ రెండు మాటలే మాకు దొరికిన సాక్ష్యం అనిపించింది. ఆ భూమి ఒక మనిషిది కాదు, ఒక పనికి కట్టిన జీతం. జీతాన్ని ఎవరైనా అమ్ముకోగలరా?

అమ్ముకోలేరని చట్టమే చెప్పింది. మద్రాసు ప్రభుత్వం 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసింది. గ్రామోద్యోగానికి జీతంగా ఉన్న మాన్యాన్ని అమ్మడానికి వీల్లేదు, తాకట్టు పెట్టడానికి వీల్లేదు. కోర్టు కూడా దాన్ని జప్తు చేసి వేలం వెయ్యడానికి వీల్లేదు. కాబట్టి మా ముత్తాత నిజంగానే కల్లు తాగాడనుకుందాం. చేను అమ్ముతానని అరిచాడనే అనుకుందాం. కొన్నవాడెవడు? ఏ చట్టం కింద కొన్నాడు? ఏ కాగితం మీద రాయించుకున్నాడు? రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు వెతికిస్తే ఆ సర్వే నెంబరు మీద అమ్మకం దస్తావేజు ఒక్కటీ రాలేదు. కల్లుముంతకు సాక్షులుండరు గనకే ఆ కథ అల్లారు.

మరి చేను ఎట్లా పోయింది? అడంగల్లో జవాబుంది. అడంగల్ కరణం ఏటేటా రాసే లెక్క. సంవత్సరం ఫసలీల్లో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. చెదలు మిగిల్చిన వాటిలో 1347 ఫసలీ, అంటే 1937 నాటి అడంగల్లో ఆ చేను వెట్టి మాన్యమే. తర్వాత దొరికిన వాటిలో అనుభవదారు గడిలో కొత్త పేరు వచ్చి కూర్చుంది. మొదట కౌలు అన్నట్టు, తర్వాత స్వాధీనం అన్నట్టు, చివరికి సొంతం అన్నట్టు. ఎక్కడా గొడవ లేదు, నెత్తురు లేదు. కలం జరిగింది, గట్టు జరిగింది. మా జేజి దగ్గర దీని రెండో సగం ఉంది. "ఆదివారం వెట్టికి పోనన్నాడని మీ తాత నాయన్ని కల్లం కాడికి రానీలేదంట. అప్పుడే చేలో కూడా దిగనీలేదంట" అని. మాన్యం తాగి పోలేదు. తలెత్తినందుకు పోయింది.

1956లో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఇనాములు తీసేసి రైత్వారీ పట్టాలివ్వమంది. ఆ విచారణ నోటీసు మా గూడెం దాకా రాలేదని పెద్దలంటారు. వచ్చినా చదివేవాళ్ళెవరు? మా నాయన బడిలో చేరింది కూడా తర్వాతే. ఆ బడి అడ్మిషన్ రిజిస్టరు నేనే తిరగేశాను. కులం గడిలో "హరిజన". పుట్టిన తేదీ జులై ఒకటి. మా చిన్నాయనదీ జులై ఒకటే. గూడెం పిల్లలందరూ జులై ఒకటినే పుట్టారు. ఫసలీ మొదలయ్యేది కూడా జులై ఒకటే. శిస్తు సంవత్సరమూ మేమూ ఒకే రోజున పుట్టామన్నమాట.

మా జిల్లా మాదిగల పేర్లు ఇంటిపేరుతో, తండ్రి పేరుతో పూర్తిగా కాగితానికెక్కింది పోలీసు రికార్డుల్లో. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆ పేర్లు కోర్టుల్లో తిరిగాయి. చస్తే గాని పేరు రాయని లెక్క అది. ఆ జిల్లాలోనే 1994 జులై 7న ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. కరణాలు పేరు చివర "గాడు" తగిలించి రాసిన జాతి, పేరు చివర తనే "మాదిగ" అని రాసుకోవడం మొదలుపెట్టింది. లెక్కల్లో మొత్తంగానే కనిపించే మాదిగ, తన వాటా తనకు లెక్కగట్టి ఇమ్మని ముప్పయ్యేళ్ళు కొట్లాడింది. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. లెక్క ఎవరి చేతిలో ఉంటే వాటా వాళ్ళదనడానికి ఇంతకన్నా పాఠం ఏముంది?

మాన్యం మీద గూడెం తరఫున అర్జీ పెట్టాం. డైగ్లాట్ నకలు, అడంగల్ నకళ్ళు, 1895 చట్టం కాగితం జత చేశాం. భూమి వస్తుందో రాదో చెప్పలేను. అవతలి పక్క డబ్బుంది, పలుకుబడి ఉంది. చర్చి పుస్తకం పేజీ మాత్రం జత చేయలేదు. వంశం రుజువు చేయడానికి అంతకన్నా గట్టి కాగితం మా దగ్గర లేదు. అయినా చేయలేదు. ఆ మూడో పేరా పోయిన రోజున చేస్తాం.

చదువుకుంటున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. మీ ఊరి కథ వెతకాలంటే కచేరీకి ముందు జేజి దగ్గరకు పోండి. కాగితాల్లో వంశం తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. గూడెంలో జ్ఞాపకం అత్త నుంచి కోడలికి పోతుంది. కరువు పేరు చెబితే సంవత్సరం కట్టుకోండి. సంవత్సరం తెలిస్తే అప్పటి జిల్లా ఏదో చూసుకోండి. తర్వాత డైగ్లాట్, అడంగల్, బడి రిజిస్టరు, సంఘం పుస్తకం. పేరు దొరక్కపోతే పని పేరు వెతకండి. వెట్టి, తలారి, నీరుగంటి, ఏ మాట కింద మనల్ని దాచారో చూడండి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. ఎండాకాలం సెలవులు వృథా చేయకండి, ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో మీ జేజి పేరు రాయండి. ఆమెను ఏ కరణమూ రాయలేదు.